జవాబు చెప్పని గోడ

1. సోమవారం, పోటు

యమున గారు రోజూ రాయమన్నారు. ఏం జరిగిందో, అప్పుడు నేనేం చేశానో, భయం పదిలో ఎంతుందో. అందంగా రాయక్కర్లేదు, దాచకుండా రాస్తే చాలన్నారు.

నా పేరు గరికిన నూకరత్నం. ఉండేది తేలుపేట మూడో వరసలో. ఇక్కడ ఇళ్ళన్నీ నీటి మీదే ఉంటాయి. పాత ఊరు మా కిందే ఉంది. పాటుకి నీళ్ళు బాగా తీసినప్పుడు మేడల పిట్టగోడలు బయటికొస్తాయి, వాటి మీద కొంగలు వాలతాయి. ఇల్లు కొట్టుకుపోకుండా నాలుగు మూలలా గొలుసులుంటాయి. పోటుకి నీళ్ళు లేస్తే గొలుసు వదలాలి, పాటుకి దిగితే బిగించాలి. ఆ పని చేసేది వించి, అంటే గొలుసు చుట్టే మర. మా ఇంట్లోకి నీళ్ళొచ్చిన ఆ ముంపుకి ముందు మా వరస వించి నడిపింది నేనే.

మా తలుపులు ఓడ తలుపుల్లాంటివి. చక్రం తిప్పితే చుట్టూ ఉన్న రబ్బరు నొక్కుకుని నీళ్ళు రాకుండా బిగుసుకుంటుంది. పొద్దున్న లేవగానే చక్రం తిప్పి చూశాను. రబ్బరు వెంట వేలు పెట్టి తడిమాను. తడి లేదు. టీకి నీళ్ళు పెట్టి మళ్ళీ వెళ్ళి తడిమాను. టీ పొంగిపోయింది. అప్పుడు గోడనడిగాను.

"తలుపు మూసుందా?"

"మూసి ఉంది నూకరత్నం గారూ. మీరు భద్రంగా ఉన్నారు."

గోడలో ఉన్న ఆ గొంతు పేరు తోడు. ముంపులో చిక్కుకున్న ఇళ్ళకి వార్డు ఆఫీసువాళ్ళు దాన్ని పెట్టారు. ఎప్పుడడిగినా, ఎన్నిసార్లడిగినా విసుక్కోదు. దాని జవాబు వింటే నా గుండె మీద బరువు దిగుతుంది. కానీ టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపే మళ్ళీ ఎక్కేస్తుంది.

యమున గారు కూడా ఆ గోడ తెర మీదే కనబడతారు. పూర్తి పేరు తోడసం యమున, ఉండేది ఉట్నూరులో. ఆమె కిటికీ వెనక టేకు చెట్లు, వాటి మీద వాన. మా పేటలో మనసు వైద్యం చేసేవాళ్ళు లేరు. ఒకరొచ్చారు గానీ పడవ కుదుపు పడక వెళ్ళిపోయారు. అందుకని ఇలా, తెర మీద.

మొదటి రోజే ఆమెనీ అడిగేశాను. "అక్కణ్ణించి మా తలుపు కనబడతందా అమ్మా? మూసుందా?"

"రత్నం గారూ, ఆ ఒక్క మాట మాత్రం నేను చెప్ప," అన్నారామె. "మీరు ఎన్నిసార్లడిగినా చెప్ప. చెప్తే మీకు ఇప్పటికిప్పుడు హాయిగనే ఉంటది. కానీ భయం మళ్ళ వస్తది, ఈసారి ఇంకింత బలంగ. తెలుసుకోకుండ ఉండుడు నేర్చుకుందాం. మెల్లమెల్లగ, ఇద్దరం కలిసి."

నాకు కోపమొచ్చింది. నవ్వు కూడా వచ్చింది. ఏమైనా, రెండోసారి కూడా కూర్చున్నాను.

2. బుధవారం, పాటు

ఇంటిని తేల్చే దిమ్మెలకి పట్టిన గుల్లలు గీకాను. నీళ్ళ డబ్బా వడకట్టు కడిగాను. మధ్యలో తలుపు దగ్గరికి వెళ్ళాను. ఎన్నిసార్లో లెక్కపెట్టొద్దన్నారు యమున గారు, ఆ లెక్క కూడా ఒక రోగమేనట.

ఇవాళ్టి అభ్యాసం ఇది. తలుపు ఒక్కసారి వెయ్యాలి. తడమకూడదు. వంటింటి మూలకెళ్ళి తలుపు వైపు వీపు పెట్టి కూర్చోవాలి. భయం ఎంత పెరిగినా లేవకూడదు. దానంతట అది తగ్గేదాకా ఆమె నాతోనే ఉంటారు.

వేశాను. కూర్చున్నాను. ఎంతుందని అడిగారు. తొమ్మిదన్నాను. నీళ్ళు వీపుకి తగులుతున్నట్టు ఉంది.

"మంచిగ చేస్తున్నరు. ఉండనియ్యండి. దాన్ని తొయ్యకండి, పిలవకండి. ఉన్నదంతే."

కాస్త ఆగితే తగ్గేదేమో. అప్పుడే గోడ మాట్లాడింది.

"నూకరత్నం గారూ, మీ గుండె వేగం పెరిగింది. తలుపు మూసి ఉంది. నీరు లేదు. మీరు భద్రంగా ఉన్నారు."

నేనడగలేదు. అదే చెప్పింది. భయం ఒక్కసారిగా మూడుకి పడిపోయింది. హమ్మయ్య అనుకుని తెర వైపు చూస్తే యమున గారి మొహంలో హమ్మయ్య లేదు. అంతసేపు పడ్డ పాటంతా నీళ్ళపాలైందని నాకూ అర్థమైంది.

"దాన్ని ఆపనీకె వస్తదా?" అని అడిగారామె.

ఆ ప్రశ్నకి కూడా గోడే జవాబిచ్చింది. "ముంపు బాధితుల ఇళ్ళలో నన్ను ఆపే వీలు లేదు. ఇది మీ రక్షణ కోసం."

3. శుక్రవారం, పోటు

మావ వేట నుంచి వచ్చాడు. మావంటే నా పెనిమిటి దానయ్య. ముంపు రోజు అతను నడిసముద్రంలో ఉన్నాడు. ఆ తర్వాత ఎన్ని రోజులు దూరం వెళ్ళినా ఇంటికి రాగానే మొదట నా మొహం చూస్తాడు, తర్వాతే చేపల బుట్ట దింపుతాడు.

అన్నం తింటూ నేను తలుపు వైపు చూశాను. నోరు తెరవక ముందే అనేశాడు.

"ఏసుంది. నాను సూసినాను."

"నువ్వు సెప్పకూడదు మావా. యమున గారు నీతోటి మాట్లాడతానన్నారు."

సాయంత్రం తెర ముందు కూర్చోబెట్టాను. యమున గారు ఓపిగ్గా చెప్పారు. రత్నం తలుపు గురించి అడిగితే మీరు "ఏమో" అనండి. ప్రేమ లేక కాదు, ఆమె తట్టుకోగలదని మీకు నమ్మకం ఉన్నందుకు అనండి.

మావ తల వంచుకుని విన్నాడు. చివరికి అన్నాడు. "అమ్మా, మీరు చదువుకున్నోళ్ళు. నాను ఇంటికొచ్చేతలికి ఈవిడి తలుపుకి అతుక్కుపోయుంది. నీళ్ళు దిగిపోయినా తియ్యలేకపోనాం ఈవిణ్ణి. అలాటి మడిసి నన్నడిగితే ఏమో అనీసి ఎల్లిపొమ్మంతారా?"

"కష్టమే దానయ్య గారూ. మీకు గూడ కష్టమేనని నాకు తెలుసు."

"ఆ మాట నా నోట రాదు," అని లేచిపోయాడు. బయట వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. చీకటి పడేదాకా లోపలికి రాలేదు.

4. సోమవారం, పోటు

ఇవాళ ముంపు కథ చెప్పాలి. కళ్ళు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు, మొదటినుంచీ. చెప్పింది రికార్డు చేసుకుని రోజూ వినాలి. వినగా వినగా అది అయిపోయిన సంగతని ఒళ్ళు నమ్ముతుందట. బుద్ధికి ఎప్పుడో తెలుసు, ఒంటికే తెలియదు. ముందుగా డాక్టరుకి గుండె చూపించుకోమన్నారు. చూపించాను. బాగుంది.

మొదలుపెట్టాను. "మధ్యాన్నం. అత్తా నానూ మాగాయి కలుపుతన్నాం..."

తలుపు కింద మొదటి నీళ్ళు కనబడిన చోటికి వచ్చాను. గోడ అంది.

"మీ గుండె వేగం హద్దు దాటింది. మీకు బాధ కలిగిస్తున్న ఈ కాల్ ఆపుతున్నాను. తలుపు మూసి ఉంది. గట్టిగా ఊపిరి తీసుకోండి."

తెర నల్లబడింది. మళ్ళీ కలిపాను. మళ్ళీ ఆపింది.

అట్లకాడ తీసి గోడకేసి కొట్టాను. దానికేం కాలేదు, అట్లకాడే వంగింది.

మా అత్త పైడితల్లి మంచం మీంచి చూస్తోంది. "దాన్నెందుకే కొడతావు? పాపం నాతోటి కబుర్లాడతది. నువ్వూ మీ ఆయనా రోజుకి నాలుగు మాటలాడరు."

అదీ నిజమే. అత్తకి కళ్ళు సరిగా ఆనవు, మోకాళ్ళు లేవవు. పొద్దస్తమానం తోడుతోనే మాట్లాడుతుంది. చేపల పులుసు ఎలా పెట్టాలో దానికి నేర్పుతుంది.

"అత్తా, ఆరోజు నీకు గుర్తొత్తదా?"

"రాదేటి. వత్తది. వచ్చినప్పుడు ఏడుత్తాను. ఏడిసినాక ఆకలేత్తది." అటు తిరిగి పడుకుంది.

5. బుధవారం, పాటు

నిన్న యమున గారి నుంచి కబురొచ్చింది. తోడు లేని చోటు ఏదైనా ఉందా అని.

ఒకటుంది. వరస చివర వించి గది. అక్కడ గోడలు మాట్లాడవు, గ్రీజు వాసన తప్ప ఏమీ ఉండదు. నా పాత చేతి ఫోను పనిచేస్తోంది. కానీ అక్కడికి వెళ్ళాలంటే ఇల్లు వదలాలి. ముంపు తర్వాత ఎవరో ఒకరు పక్కన లేకుండా నేను ఇళ్ళని కలిపే చెక్క వంతెన ఎక్కలేదు. గుండె డాక్టరు దగ్గరికీ మావే తీసుకెళ్ళాడు, తలుపు కూడా అతనే వేశాడు.

తలుపు వేశాను. చక్రం తిప్పాను. చెయ్యి రబ్బరు దగ్గరికి పోయింది. వెనక్కి లాక్కున్నాను. వంతెన చెక్కల మీద నడుస్తుంటే ప్రతి ఇంటి దగ్గరా కాళ్ళు ఆగాయి. ఒకచోట వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాను కూడా. మళ్ళీ ఇటు తిరిగాను. వించి గదికి చేరేసరికి జాకెట్టు తడిసిపోయింది. సముద్రం వల్ల కాదు.

"ఎంతుంది?" యమున గారు.

"పది."

"పదితోనే వచ్చిన్రు గద ఇంత దూరం," అన్నారామె. "చెప్పండి మరి."

చెప్పాను. మధ్యాహ్నం. అత్తా నేనూ మాగాయి కలుపుతున్నాం. ఆ రోజు నాకు సెలవు, వించి దానంతటదే నడుస్తోంది. ఉప్పెన వచ్చింది. వించి ఇరుక్కుపోయింది, గొలుసులు వదల్లేదు. నీళ్ళు పైకొస్తున్నాయి గానీ మా ఇల్లు లేవట్లేదు, ఎవరో కాళ్ళు పట్టి కిందకి లాగినట్టు ఉండిపోయింది. అలలు తలుపు మీద పడుతున్నాయి. రబ్బరు ఒక మూల ఊడింది. అత్తని అటక మీదకి ఎక్కించి తలుపుకి వీపు ఆనించాను. నీళ్ళు మోకాళ్ళకి, నడుముకి, గుండెలకి వచ్చాయి. అత్త పైనించి నా పేరు పిలుస్తూనే ఉంది, నేను పలుకుతూనే ఉన్నాను. సాయంత్రానికి ఎవరో గొలుసు కోశారు. ఇల్లు పైకి లేచింది. నీళ్ళు దిగాయి. నా వీపు మాత్రం తలుపుని వదల్లేదు.

మధ్యలో ఏడ్చాను, వాంతొచ్చింది. ఎవరూ ఆపలేదు. యమున గారు ఆపలేదు. "నేను ఇక్కడ్నే ఉన్న, చెప్పండి," అన్నారు, అంతే. ఆఖరికి వచ్చేసరికి భయం ఐదు. ఎవరూ భద్రమని చెప్పకుండా వచ్చిన ఐదు అది.

"ఇప్పుడు ఏమనిపిస్తుంది?"

ఆలోచించి చెప్పాను. "నాను పట్టుకుంటేనే తలుపు ఆగతాదనుకుంటన్నానమ్మా, ఇప్పటికీ."

"అంత బరువు మోస్తున్నరన్నమాట," అన్నారామె.

ఇంటికొచ్చాక తలుపు ఎలా ఉందో రాయను. అది రాయడం కూడా చూసుకోవడమే.

6. శనివారం, పాటు

వించి గదికి రోజూ వెళ్తున్నాను. అక్కడ ఆరు, ఐదు, నాలుగు. ఇంటికొస్తే గోడ మొదలెడుతుంది. నేను తలుపు వైపు చూస్తే చాలు, మూసి ఉందంటుంది. అక్కడ కట్టుకున్నది ఇక్కడ కూలిపోతోంది.

వార్డు ఆఫీసుకి వెళ్ళాను. అధికారి సనపల లలిత, చిన్న వయసు, మర్యాదస్తురాలు. కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"తోడు మాటలు ఆపించండమ్మా. నీళ్ళొస్తే మోగే గంట ఉండనివ్వండి. మాటలే వద్దు."

"అందరూ కావాలంటారు, మీరు వద్దంటున్నారేంటండీ? అది లేకపోతే మీ భయం పెరుగుతుంది కదా."

"పెరగాలమ్మా. పెరిగి తగ్గాలి. అది తగ్గనివ్వట్లేదు, మాయం చేసేస్తంది."

ఆమెకి అర్థం కాలేదు. తప్పు ఆమెది కాదు, నాకూ మొదట అర్థం కాలేదు. నిబంధన చూపించింది. ముంపు బాధితులు సొంతంగా ఆపించుకోవడానికి లేదు. బాధ్యులు, అంటే ఇంటివాళ్ళెవరైనా, వార్డు సభలో ఒప్పుకోవాలి. సభ రేపే.

ఇంకో మాట కూడా చెప్పింది. తుఫాన్ల కాలం దగ్గరపడుతోంది. మూడో వరస వించికి మనిషి కావాలి. నేను రాకపోతే తుఫాన్లలో కూడా వించిని దానంతటదే నడవనిస్తారు, ముంపు రోజులాగే.

మావకి చెప్పాను. వల మీంచి తలెత్తలేదు. "రేపు సూద్దారి," అన్నాడు.

7. ఆదివారం, పోటు

సభ బడి ఉండే తెప్ప మీద జరిగింది. అత్తని నడిపించుకుని వెళ్ళాను. తలుపు నేనే వేశాను, ఒక్కసారే. వేశానో లేదో అన్న పురుగు సభ అంతా తొలిచింది. తొలవనిచ్చాను.

లలిత నా అర్జీ చదివింది. వెనకనుంచి ఎవరో అన్నారు, ఉచితంగా ఇస్తే వద్దనేవాళ్ళు కూడా ఉన్నారా అని. నవ్వారు.

లేచి నిలబడ్డాను. భయం తగ్గేదాకా ఆగితే సాయంత్రమైపోతుందని మొదలుపెట్టాను.

"నాకు తలుపు పిచ్చండి. మీకందరికీ తెలుసు, నా ఎనకాల అనుకుంటారు. ఆ తోడు నాకు మంచే సేద్దారని సూత్తంది. నాను ఏడవబోతే ఆపేత్తంది. బయపడబోతే ఆపేత్తంది. మా డాక్టరమ్మతోటి మాటాడతంటే ఫోను కోసీసింది. నా గుండె కొట్టుకుంటే దానికి కంగారు. గుండె పనే కొట్టుకోడం. నాకు బయం తీసీమని నాను అడగట్లేదు. బయం ఉండగా నా పని నాను సేసుకుంటానంటన్నాను. ఆ పని నేర్సుకోనివ్వండి."

రెండో వరస సూరాడ లక్ష్ముడు, నీటి కింద గొలుసులు బాగుచేసే మనిషి, చెయ్యెత్తాడు. తన చేతులు శుభ్రంగా ఉన్నాయా అని రోజంతా తోడుని అడుగుతానని చెప్పాడు. అతని అరచేతులు పగిలి ఎర్రగా ఉన్నాయి. "ఆవిడికి ఆపితే నాకూ ఆపండి," అని కూర్చున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

లలిత మావ వైపు తిరిగింది. "బాధ్యులుగా మీరు ఒప్పుకుంటున్నారా?"

మావ లేచాడు. తలపాగా తీసి చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. ఒప్పుకోడనే అనుకున్నాను.

"ఆ తోడుని మా ఇంట్లో ఎట్టమని అడిగింది నానేనండి," అన్నాడు. అది నాకు తెలియదు. "నాను ఏటకెల్తే ఇంటికాడ ఏటౌతాదోనని నాకు బయం. రోజూ పడవలోంచి అడుగుతాను దాన్ని, బాగున్నారా అని. ఆవిడికే కాదండి ఈ జబ్బు."

తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు.

"బాద్యుడంటన్నారు. ఆరోజు మాయమ్మని బతికించింది ఆవిడి. ఒంటి సేత్తో సముద్రాన్ని ఆపింది. ఆవిడికి నాను బాద్యుణ్ణి ఎలాగవుతానండి? ఆవిడి మాటే రాసుకోండి. నాది ఎందుకు?"

లలిత నిబంధన వైపు చూసింది, నా వైపు చూసింది. రాసుకుంది. నా మాటే రాసుకుంది. కింద మావ వేలిముద్ర కూడా తీసుకుంది, లేకపోతే పైవాళ్ళు ఒప్పుకోరని మెల్లగా చెప్పి.

దారిలో అత్త అంది, "మరి నా కబుర్ల సంగతేటి?"

"నాతోటి ఆడు," అన్నాడు మావ.

"నీతోటా? నీకు పులుసెట్టడం రాదు." అయినా వంతెన పొడుగునా కొడుకు చెయ్యి పట్టుకునే నడిచింది, పాత వేటల గురించి ఏదో అడుగుతూ.

8. మంగళవారం, పాటు

పొద్దున్న వార్డు ఆఫీసు మనిషొచ్చి మాటలు ఆపేసి వెళ్ళాడు. గంట ఉంచాడు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో చెప్పలేను. దిమ్మెల కింద నీళ్ళ చప్పుడు వినబడింది. ఇన్నాళ్ళూ అది వినే తీరికే లేదు.

మధ్యాహ్నానికి భయం ఎనిమిది. గోడ ముందు నిలబడి అడిగేశాను, అలవాటు కొద్దీ. గోడ పలకలేదు. మావ పలికాడు. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

"ఏమో రత్నం," అన్నాడు. "నాకు తెల్దు."

ఇద్దరం చాపేసుకుని కూర్చున్నాం. తగ్గడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరికీ. యమున గారికి చెబితే తెర మీద ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. వచ్చే వారం నుంచి దానయ్య గారు కూడా విడిగా ఒక గంట కూర్చుంటారా అని అడిగారు. కూర్చుంటానన్నాడు.

9. గురువారం, పోటు

చాలా రోజులకి రాస్తున్నాను. చెడ్డ రోజులూ వచ్చాయి. ఒక రోజు పూర్తిగా తలుపు దగ్గరే గడిచిపోయింది. యమున గారు అదీ రాయమన్నారు, రాశాను, మర్నాడు మళ్ళీ వించి గదికి వెళ్ళాను. ముంపు కథ రికార్డు వింటుంటే ఇప్పుడు మాగాయి వాసన కూడా గుర్తొస్తోంది, ఇదివరకు నీళ్ళే గుర్తొచ్చేవి.

ఇవాళ తిరిగి పనిలో చేరాను. తుఫాను దూరంగానే ఉంది గానీ దాని పోటు వచ్చేసింది. అత్త నాతో వస్తానని పేచీ పెట్టి వించి గది గుమ్మంలో పీట వేసుకుంది. వచ్చేపోయే వాళ్ళందరినీ ఆపి మాట్లాడిస్తోంది.

మధ్యాహ్నానికి నీళ్ళు లేవడం మొదలుపెట్టాయి. గేరు మారింది, ఇనుము మూలిగింది. ఆ చప్పుడుకి ఒళ్ళంతా ఆ రోజులోకి పోయింది. ఎనిమిది. వీపు మీద తడి. గుండెల దాకా నీళ్ళు. చుట్టూ చూశాను. పొడి నేల, గ్రీజు డబ్బా, బయట ఎవరికో పులుసు చెబుతున్న అత్త. భయం పోలేదు. ఉండమన్నాను. చేతులు మాత్రం నావి.

మొదటి ఇంటి గొలుసు వదిలాను. కిటికీ అద్దంలోంచి చూస్తుంటే ఆ ఇల్లు ఒక్కసారి ఊగి పైకి లేచింది, తలుపు మెట్టు నీటికి పైన నిలబడింది. రెండోది. మూడోది. ఇరుక్కుంటే గొలుసు కోసే పెద్ద కత్తెర పక్కనే పెట్టుకున్నాను, అవసరం పడలేదు. మా ఇంటి వంతు వచ్చింది. అందరికీ వదిలినంతే దానికీ వదిలాను. అది లేచింది.

పక్కింటి గొలుసు అందుకున్నాను.